ముద్ర పడని పుస్తకాలు

షాన్ టాన్ బొమ్మల పుస్తకం 'ది అరైవల్' 2006లో వచ్చింది. మేం తెనాలి నుంచి మెల్‌బోర్న్ చేరింది కూడా ఆ ఏడే. మా పేట లైబ్రరీలో కొత్త పుస్తకాల అరలో, అట్ట కనబడేలా నిలబెట్టారు. పాత ఫొటో ఆల్బమ్ లాంటి అట్ట. టోపీ పెట్టుకుని, చేత్తో సూట్‌కేసు పట్టుకున్న మనిషి. అతని ముందు ఏ దేశంలోనూ లేని తెల్లటి జంతువొకటి. మా వాడు దాని దగ్గర ఆగిపోయాడు. వాడికప్పుడు ఆరేళ్లు. నేను తీసి తిరగేశాను. నూట ఇరవై పైచిలుకు పేజీల్లో ఒక్క మాట లేదు, అన్నీ పెన్సిల్ బొమ్మలే. "ఇందులో చదవడానికేముంది నాన్నా" అని మళ్ళీ అరలో పెట్టేశాను.

నేను చందమామతో పెరిగినదాన్ని. అక్షరాలు రాకముందే, శంకర్ వేసిన విక్రమార్కుణ్ణీ భుజం మీది శవాన్నీ చూస్తూ గంటలు గడిపినదాన్ని. అట్ట మీద వడ్డాది పాపయ్య బొమ్మ ఏమొచ్చిందోనని నెల మొదట్లో ఎదురుచూసినదాన్ని. బొమ్మ చూస్తూ కథ అల్లుకోవడంలోనే నాకు చదువు పట్టుబడింది. అలాంటిదాన్ని, కన్నకొడుకు చేతిలోంచి బొమ్మల పుస్తకం లాగేశాను.

ఎందుకలా చేశానో చాలాసార్లు ఆలోచించాను. ఇక్కడికి రావాలంటే మా డిగ్రీ వీళ్ళ డిగ్రీకి సమానమని ఒకరు ముద్ర వెయ్యాలి, మాకు ఇంగ్లీషు వచ్చని ఇంకొకరు, ఒంట్లో రోగం లేదని మరొకరు. ఆ కాగితాల వెంట తిరిగి తిరిగి, ఎవరో ఒకరు అవునన్నదాకా ఏదీ చెల్లదన్న భయం నాలో పాతుకుపోయింది. బడి నుంచి వాడి సంచిలో రీడర్లు వచ్చేవి. ఒక్కోదాని వెనక లెవెల్ నంబరు ఉండేది. ఆ నంబరు పెరిగితే వాడు ఎదుగుతున్నట్టు, పెరక్కపోతే నేను తల్లిగా ఓడిపోయినట్టు. ముప్ఫై డాలర్ల కొత్త పుస్తకం కనబడితే మనసులో వెయ్యి రూపాయలని లెక్క కట్టేదాన్ని. అంత పెట్టి, మంచిదో కాదో ఇంకా ఎవరూ తేల్చని పుస్తకం కొనడమా? అందుకే వాడికి విజయవాడ నుంచి డికెన్స్ సంక్షిప్త కథలు, ఎనిడ్ బ్లైటన్ తెప్పించాను. మేమున్న దేశంలో, మేమున్న కాలంలో రాస్తున్నవాళ్ళ వైపు తలెత్తి చూడలేదు.

2007లో మా అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గర ఉంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ హీటరు దగ్గర చాప మీద కూర్చుని ఉన్నారు, మధ్యలో ఆ పుస్తకం. వాడు బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాడు. అందులో భార్యనీ కూతుర్నీ వదిలి ఒక మనిషి ఓడెక్కి పరాయి ఊరికి వెళతాడు. దిగగానే కోటుకి చీటీలు తగిలించి, కళ్ళూ చెవులూ పరీక్ష చేస్తారు. ఆ ఊరి లిపి టాన్ కల్పించింది, భూమ్మీద ఎవరికీ రాదు. గోడలకు పోస్టర్లు అంటించే పని దొరికితే అతను వాటిని తలకిందులుగా అంటిస్తాడు. అమ్మ వేలు ఆ బొమ్మ మీదే ఉంది. "అక్షరం తెలీక తిరగేసి అంటించాడ్రా, పాపం. మొన్న నేను బస్సు నంబరు తెలిసి కూడా అవతలి వైపు ఎక్కలా? అట్టాగే" అని వాడికి చెబుతోంది. వాడు పేజీ వెనక్కి తిప్పి, ఆ మనిషి కాగితంతో పిట్టను చేసిన చోటు చూపించాడు. అది కూతురి కోసమని అమ్మ. కాదు, కూతురు తనని మర్చిపోకుండా ఉండటానికని వాడు. ఇద్దరూ వాదించుకుంటున్నారు.

నేను అది చూశాను. నా తప్పు చిన్నదేమీ కాదు. తెలీక చేస్తే ఒకటి, చూసి కూడా చేశాను. వాడి రీడరు ఇంకా చదవలేదని గుర్తుచేసి, ఆ పుస్తకం మూసి అలమర పైన పెట్టాను. అమ్మ నా మొహం చూసి ఏమీ అనలేదు.

ఆ ఆగస్టులోనే బుక్ వీక్. చిల్డ్రన్స్ బుక్ కౌన్సిల్ ఆఫ్ ఆస్ట్రేలియా ఏటా జరిపే పండగ అది, పిల్లలు తమకిష్టమైన పాత్రలా వేషం కట్టుకుని బడికి వెళ్తారు. మా వాడు అమ్మమ్మ సూట్‌కేసు పట్టుకుని, తాతయ్య టోపీ పెట్టుకుని వెళ్తానన్నాడు. నువ్వెవరో ఎవరికీ తెలీదురా అన్నాను. ఆ జులైలోనే హ్యారీ పాటర్ ఆఖరి పుస్తకం వచ్చింది, ఎటు చూసినా నల్ల గౌన్లే. నేనూ ఒకటి కొని తొడిగాను. సరిగ్గా ఆ ఏడే కౌన్సిల్ వాళ్ళు బొమ్మల పుస్తకాల బహుమతి 'ది అరైవల్'కి ఇచ్చారు. బహుమతుల వార్తలు చదివే అలవాటు కూడా అప్పటికి నాకు లేదు.

2011లో టాన్‌కి యానిమేషన్ సినిమాకి ఆస్కార్ వచ్చింది. పేపర్లో పేరు చూసి, ఆ వారమే పుస్తకం కొన్నాను. మలేసియా నుంచి పెర్త్‌కి చదువుకోడానికి వచ్చిన తండ్రికి పుట్టినవాడని అప్పుడే తెలిసింది. రాత్రి ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఓడ ప్రయాణం పేజీలో చిన్న చిన్న గళ్ళల్లో మేఘాలు తప్ప ఇంకేమీ ఉండవు. అన్ని రోజులూ అతను ఆకాశం తప్ప ఏం చూడలేదని చెప్పడానికి అంతకంటే మంచి మార్గం లేదు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ ఏడుపు కూడా ఆస్కార్ ముద్ర పడ్డాకే వచ్చింది. అదే నన్ను ఇవాళ్టికీ బాధపెడుతుంది.

బుద్ధొచ్చిందా అంటే, వెంటనే రాలేదు. 2022లో శంకరి చంద్రన్ 'చాయ్ టైమ్ ఎట్ సినమన్ గార్డెన్స్' వచ్చినప్పుడు పేరు చూసి, కాలక్షేపానికి చదువుకునే టీ కబుర్లేమో అనుకుని వదిలేశాను. మరుసటి ఏడు దానికి మైల్స్ ఫ్రాంక్లిన్ అవార్డు ఇచ్చారు. 1957లో తొలిసారి ప్యాట్రిక్ వైట్‌కి ఇచ్చిన అవార్డు అది. ఈ దేశంలో నవలకి దాన్ని మించిన గౌరవం లేదు. అప్పుడు తెచ్చి చదివాను. పశ్చిమ సిడ్నీలో ఒక వృద్ధాశ్రమం, అందులో శ్రీలంక యుద్ధం నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన తమిళులు, వాళ్ళ మీద పగబట్టిన పేట. మా వీధి లాంటి వీధి గురించి, మా లాంటి మొహాల గురించి రాసిన పుస్తకాన్ని పేరు చూసి పక్కన పెట్టాను.

అప్పుడు నిర్ణయించుకున్నాను, ఇక ముద్ర కోసం ఆగనని. సియాంగ్ లూ 'ఘోస్ట్ సిటీస్' 2024లో వచ్చిన కొత్తలోనే చదివాను. చైనీస్ రాకుండానే సిడ్నీలో చైనా కాన్సులేట్‌లో అనువాదకుడిగా పనిచేసి, దొరికిపోయి ఉద్యోగం పోగొట్టుకున్న కుర్రాడి కథతో మొదలవుతుంది. కొన్నిచోట్ల నాకు అర్థం కాలేదు, ఎవరినీ అడక్కుండా మళ్ళీ చదివాను. మరుసటి ఏడు దానికీ మైల్స్ ఫ్రాంక్లిన్ వచ్చింది. రాకపోయినా నాకు ఆ పుస్తకం అంతే. ఇక్కడ లైబ్రరీల్లో ఉన్న పుస్తకాలకు ప్రభుత్వం రచయితకి ఏటా కొంత సొమ్ము చెల్లిస్తుంది. అది తెలిశాక, మా పేట లైబ్రరీకి ఫలానా కొత్త పుస్తకం కొనండని ఫారం నింపి పంపుతుంటాను. చిన్న ప్రచురణకర్తలవైతే తప్పకుండా.

మా వాడు ఇప్పుడు పుస్తకాలు చదవడు. హైస్కూలుకి వచ్చేసరికే మానేశాడు. నేనే చదువుని పరీక్షగా మార్చానని వాడితో చెప్పాను. "అంత లేదులే అమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నదే. చేసింది నేనని నాకు తెలుసు.

ఇప్పుడు ఆదివారాలు వీడియో కాల్‌లో అమ్మకి బొమ్మల పుస్తకాలు చూపిస్తున్నాను. మొన్న జెనో స్వోర్డర్ 'మై స్ట్రేంజ్ ష్రింకింగ్ పేరెంట్స్' పేజీలు కెమెరా ముందు పట్టుకుని, అక్షరాలున్నచోట తెలుగులో చెప్పుకొచ్చాను. పరాయి దేశం వచ్చిన తల్లిదండ్రుల దగ్గర డబ్బుండదు. పిల్లాడి పుట్టినరోజు కేకు కోసం తమ ఎత్తులో కొంత ఇచ్చేస్తారు, తర్వాత బడి కోసం మరికొంత. అలా ఏటికేడూ పొట్టివాళ్ళవుతూ ఉంటారు.

"కేకు కోసమా? మంచి పని చేశారు" అంది అమ్మ. "బడికి మాత్రం బేరమాడాల్సింది. సరే, తిప్పు."