కొలతలు ఎక్కించిన తమ్ముడికి

తమ్ముడూ, నీ అంత చురుగ్గా పని తెమిల్చినవాణ్ణి చార్మినార్ చుట్టుపక్కల నేను చూడలేదు. నాలుగు కొట్లకు లెక్కలు రాసేవాణ్ణి. సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చినవాళ్లు చాలామందే తగిలారు. వారాల తరబడి తిప్పించుకున్నవాళ్లున్నారు, సగంలో ఫోన్ ఎత్తడం మానేసినవాళ్లున్నారు. నువ్వు లాడ్ బజార్ గాజుల గోదాములో అడుగుపెట్టింది పదకొండింటికి. సేట్ మధ్యాహ్నపు జొహర్ నమాజుకు లేచే వేళకు సరుకుల పేర్లు, కొలతలు, ఏ కొలతకు ఏది ఎంతన్న మారకం, అన్నీ ఎక్కించి లేచావు.

ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు కూడా. ముప్ఫై ఏళ్లుగా ఆ గోదాములో గాజులు లెక్కపెడుతున్న పెద్దాయన గడప పక్కనే కూర్చుని ఫిరోజాబాద్ నుంచి వచ్చిన తోడాలు, అంటే గాజుల కట్టలు, విప్పుతున్నాడు. ఆయన చేతిపని ఆపించి నువ్వు ఒక్క ప్రశ్న వేయలేదు. ఆయనకు కాలు తగలకుండా పక్కకు జరిగి లోపలికి వెళ్లావు. ఆ మర్యాద నాకింకా గుర్తుంది.

నీ నిజాయితీ మాట కూడా చెప్పాలి. సేట్ చేతికిచ్చిన కొనుగోలు బిల్లులో ఏ మాట ఉంటే ఆ మాటే ఎక్కించావు, నీ సొంతం ఏదీ కలపలేదు. బిల్లులో డజను ఉంది. మూల కొలత డజను అయింది. దశాంశం తర్వాత రెండంకెలు చాలన్నావు. స్క్రీన్ ఎంత శుభ్రంగా కనిపించిందో!

ఆ గోదాములోంచి సరుకు డజన్లలోనే బయటికి పోదు. సెట్టులో ఒకటి విరిగిందని దానికి తోడు ఒక్క గాజు పట్టుకెళ్లే చిన్న దుకాణదారులు రోజూ వస్తారు. ఒక గాజంటే డజనులో పన్నెండో వంతు, 0.0833 అలా సాగుతూనే ఉంటుంది. నువ్వు పెట్టిన రెండంకెల్లో అది 0.08 దగ్గర ఆగింది. 300 విడి గాజులు అమ్మితే అరలోంచి పోయేది 25 డజన్లు, పుస్తకంలోంచి పోయేది 24. మిగిలిన డజను పుస్తకంలో ఉంది, అరలో లేదు. రంజాన్‌కు ముందు సరుకు లెక్క చూసినప్పుడు ఇలాంటి డజన్లు అర అరలోనూ బయటపడ్డాయి. అరలు సర్దే కుర్రాడి వైపు చూశారు అందరూ. ఆ నెల వాడి జీతంలో కోత పడింది. వాడు ఒక్క మాట అనలేదు, బజారంతా రాత్రి మూడింటి దాకా వెలిగే ఆ రోజుల్లో తలవంచుకుని పెట్టెలు మోశాడు. పండగ వెళ్లాక ఒక రాత్రి కూర్చుని 300ను 0.08తో గుణించేదాకా నాకూ తెలియలేదు. తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. కోసిన జీతం తిరిగి ఇప్పించాను. ఆ నెల వాడు మోసిన మాట మాత్రం ఎవరు వెనక్కిస్తారు?

జత దగ్గర నీ పట్టిక ఎదురు దారి పట్టింది. జతంటే డజనులో ఆరో వంతు, 0.17 అయి కూర్చుంది. 600 జతలు అమ్మితే అరలోంచి వంద డజన్లు పోతాయి, పుస్తకంలోంచి 102. ఈసారి అరలో సరుకు ఎక్కువ. చూడ్డానికి లాభంలా ఉంటుంది. తనిఖీకి వచ్చిన జీఎస్టీ అధికారి కంటికి మాత్రం అది బిల్లు లేకుండా తెచ్చిన మాలు. మూల కొలతగా ఒక్క గాజును పెట్టి ఉంటే జతకు 2, డజనుకు 12, అన్నీ నిండు అంకెలే. చేతిలోంచి చేతికి మారే అతి చిన్న ముక్క ఏదో గడప దగ్గరి పెద్దాయన్ను అడిగితే లెక్కపెట్టే చెయ్యి ఆపకుండానే చెప్పేవాడు.

సైజుల విషయంలో నువ్వు చూపిన చక్కదనం ఇంకో మెట్టు పైన. పెట్టెల మీద 2-2, 2-4, 2-6, 2-8, 2-10 అని గీతలు పెట్టి ఉంటే ఆ గీతల్ని చుక్కలు చేశావు, సైజు గడిని సంఖ్యల గడి అన్నావు. చివరి సున్నాకు విలువ లేదని సాఫ్ట్‌వేర్ దాన్ని చెరిపేసింది. 2-10 కాస్తా 2.1 అయింది, వరసలో 2.2 కన్నా ముందుకెళ్లి అందరిలోకీ చిన్నదైంది. గాజు లోపలి అడ్డకొలతను అంగుళాల్లో, అంగుళాన్ని పదహారు పాళ్లు చేసి చెబుతారు. 2-4 అంటే రెండుంపావు అంగుళాలు. 2-8 అంటే రెండున్నర. 2-10 అంటే రెండు మీద పదహారింట పది, మిల్లీమీటర్లలో 66.7. 2-2 అయితే 54. రూపాయికి పదహారణాల లెక్క 1957 ఏప్రిల్ 1న పోయింది గానీ, గాజులో ఆ పదహారు ఇంకా పోలేదు. పెళ్లి సరుకుకు పంపిన లక్క గాజుల పార్శిల్ ఒకటి తిరిగొచ్చింది. పెద్దావిడ చేతికి కావలసిన 2-10 బదులు పెట్టెలో 2-2 ఉంది. మణికట్టు దాకా కాదు, బొటనవేలి మొదలు కూడా దాటలేదట. స్క్రీన్ మీద 2.1 అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తే కట్టినవాడు అరలో అన్నిటికన్నా చిన్నదే కట్టాడు, వాడినేమనగలం?

ఉస్మాన్‌గంజ్‌లో మా బావమరిది బియ్యం కొట్టుకూ నువ్వే వచ్చావు. అక్కడ ఇంకా త్వరగా, గంటలో ముగించావు. దొరికిన మొదటి బిల్లు 25 కిలోల బస్తాది. బస్తా అంటే 25 కిలోలు అని రాసి ఊరుకున్నావు. 2022 జూలై 18 నుంచి ముందే కట్టి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ. అది దాటితే లేదు. అందుకని మిల్లుల్లో 26 కిలోల బస్తా పుట్టింది. నువ్వు వచ్చింది కిందటేడు. నీ కుర్చీ వెనకే 26 అని అచ్చేసిన బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వంద బస్తాలు దింపి మా బావమరిది వాటిని విడిగా, కిలోల్లో అమ్మాడు, మొత్తం 2600 కిలోలు. పుస్తకం దాన్ని 25తో భాగించి 104 బస్తాలు పోయాయంది. కొట్టుకు రాని నాలుగు బస్తాలు అమ్మినట్టు లెక్క తేలింది. దింపిన హమాలీలు తక్కువ చెప్పారా, మిల్లువాడు ఎక్కువ పంపాడా అని రెండు రోజులు గొడవ. బస్తా అనే ఒక్క మాటకు బదులు ‘25 బస్తా’, ‘26 బస్తా’ అని రెండు కొలతలు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

అత్తరు కొట్టులో నీకు చట్టం బాగా తెలుసని తెలిసింది. బిల్లు మీద తులాలు వద్దు, గ్రాములే రాయాలన్నావు. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం చెప్పేది అదే. సేట్ మొదట నసిగాడు గానీ అక్కడ నీదే ఒప్పు, నేనూ నీ పక్కనే నిలబడ్డాను. లోపలి లెక్కకు మాత్రం తులం ఉండనిమ్మంటే, తులానికి 10 గ్రాములని రాశావు. మీ అమ్మగారి గొలుసు నుంచీ నువ్వు విన్న తులం అదే కాబోలు. ఇవాళ బంగారం కొట్లలో తులమంటే పదే. అత్తరు సేట్ తాత నాటి నుంచి తూచే తులం 11.66 గ్రాములది. కిలో డబ్బా తెరిస్తే నీ పుస్తకం వంద తులాలు చూపిస్తుంది, ఆయన చేతికి వచ్చేది 86 లోపే. పద్నాలుగు తులాల ఊద్ ఎక్కడికి పోయిందని ఆయన సొంత తమ్ముణ్ణి అడిగాడు. అడిగిన తీరు నేను విన్నాను. ఇద్దరూ ఇంకా సరిగా మాట్లాడుకోవడం లేదు.

ఒకసారి లావాదేవీ పడ్డాక మూల కొలతను నీ సాఫ్ట్‌వేర్ మార్చనివ్వదు. అది మంచికే. నిన్నటి డజను ఇవాళ ఒక్క గాజైతే పాత పుస్తకమంతా అబద్ధమవుతుంది. అందుకే నువ్వు రెండు గంటల్లో కట్టిన ముడి విప్పడానికి నాకు ఆరు రాత్రులు పట్టింది. ఒక్కో సరుకుకూ కొత్త పేరు పెట్టి, గాజును మూల కొలత చేసి, పాత పేరు కింద ఉన్న నిల్వను సున్నాకు దించి, కొత్తదానికి ఎక్కించాను. సైజు గడిని అక్షరాల గడిగా మార్చి 2-10కి దాని సున్నా తిరిగి ఇచ్చాను. పక్కన కూర్చుని లెక్క చెప్పింది ఆ పెద్దాయనే. కళ్లజోడు లేకుండా, గాజును వేళ్ల మీద తిప్పి సైజు చెప్పేవాడు. అనుమానం వచ్చిన చోటల్లా నేను టేపు పెట్టి చూశాను. ఆయన చెప్పిందే నిలిచింది.

పత్తర్‌గట్టి ముత్యాల కొట్టుకు వచ్చే వారం వస్తున్నావని తెలిసింది. నీ వేగం చూసే వాళ్లు పిలిచారు. పాత ముత్యాల బేరంలో చవ్ అని ఒక లెక్కుంది. ముత్యం బరువు రెండింతలైతే చవ్ నాలుగింతలవుతుంది. నీ మారకం గడిలో ఒక్క సంఖ్యకే చోటుంది, అందులో అది పట్టదు. ఆ కొట్లో చవ్ కట్టడం వచ్చిన ముసలాయన పొద్దున పదింటికి వస్తాడు. నీ కుర్చీ పక్కన ఆయనకొక స్టూలు వేయమని చెప్పాను. పదకొండింటి దాకా కంప్యూటర్ తెరవకు. చాయ్ నేను చెబుతాను, నీకొకటి, ఆయనకొకటి.