పెగ్గులో దయ్యం

స్కాట్లండ్ పడమటి తీరంలో ఐలా అని ఓ దీవి. అక్కడ 1825లో పుట్టిన పోర్ట్ ఎలెన్ అనే విస్కీ బట్టీకి 1983లో తాళం పడింది. వేసింది ప్రభుత్వం కాదు, మద్యనిషేధం కోరుతూ రోడ్డెక్కిన మహిళలూ కాదు. సొంత యజమాని డిస్టిల్లర్స్ కంపెనీయే. అప్పటికి స్కాచ్ గోదాముల్లో పీపాలు గుట్టలు పడ్డాయి, అడిగే నాథుడు లేడు. ఆ ఒక్క ఏడాదే ఆ కంపెనీ పదకొండు బట్టీలు మూసేసింది. ఉత్తరాన సదర్లండ్ తీరంలోని బ్రోరాదీ అదే గతి. రెండింటి సరుకూ ఎక్కువగా బ్లెండ్లలో కలపడానికే పోయేది. పేరు పెట్టి అడిగి తాగేవాళ్లు తక్కువ కాబట్టి, పోతే పోయిందనుకున్నారు.

ముప్పై నాలుగేళ్లు గడిచాయి. ఆ ఆస్తికి ఇప్పటి వారసుడైన డియాజియో 2017లో జానీ వాకర్ బ్లూ లేబుల్ ‘ఘోస్ట్ అండ్ రేర్’ పేరుతో లిమిటెడ్ ఎడిషన్ సీసాలు దించింది. మొదటి విడత దయ్యం బ్రోరా, మరుసటేడు పోర్ట్ ఎలెన్. మూతపడ్డ బట్టీల్లో మిగిలిన పాత పీపాల సరుకు కలిపాం, ఇక దొరకదు, సీసా సీసాకీ నంబరుంది, త్వరపడండి! బతికుండగా గంజి పోయని కొడుకు, చచ్చాక తద్దినానికి నేతిగారెలు వండించి, వచ్చినవాళ్ల దగ్గర ఆకుకింత అని వసూలు చేసినట్టుంది వ్యవహారం.

ఆ పోర్ట్ ఎలెన్ సీసా ఒకటి కోకాపేటలో మా బావమరిది ఫ్లాటుకు చేరింది. డాలస్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో తెచ్చాడు. మనవాళ్ల సూట్‌కేసులు వెళ్లేటప్పుడు ఆవకాయతో వెళ్తాయి, వచ్చేటప్పుడు స్కాచ్‌తో వస్తాయి. మనిషికి రెండు లీటర్ల వరకు కస్టమ్స్ వాళ్లు ఏమీ అనరు. ఆ రెండు లీటర్ల పుణ్యాన ఎన్ని చుట్టరికాలు నిలబడ్డాయో రాస్తే అదో గ్రంథం.

బావమరిది తులిప్ పువ్వు ఆకారంలో ఉన్న చిన్న గ్లాసులు పెట్టాడు. మూడొందల డాలర్లు పైమాటే అని ముందే చెప్పి, నిండుగా పోయకపోవడానికి కారణం కూడా చెప్పినట్టు చూశాడు.

“బావా, తాగకు. ముందు వాసన చూడు. నోరు కొంచెం తెరిచి పెట్టి పీల్చు. తర్వాత చల్లటి నీళ్లు ఒక గుటక. అప్పుడు సిప్.”

బల్ల మీద అతని ఫోన్‌లో రుచుల జాబితా తెరిచి ఉంది. మైనపు తెట్టులాంటి నారింజ, వనిల్లా, ఉష్ణమండల ఫలాలు, చివర్న సముద్రం మీదినుంచి వచ్చే పొగ. మేం ఉన్నది ఉష్ణమండలంలోనే, ఎదుట ప్లేటులో బొప్పాయి ముక్కలూ ఉన్నాయి. అయినా ఆ ఫలం ఏదో గ్లాసులో వెతకడానికి నలుగురం నాలుగు నిమిషాలు మూతులు ముడిచి కూర్చున్నాం. దొరికిందని ముందుగా చెప్పినవాడికి మర్యాద. దొరకలేదని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

రిటైర్డ్ తహసీల్దారైన మా మామగారికి మాత్రం ఉంది. “టించర్ వాసనొస్తుందిరా,” అన్నారు. నిజానికి ఆ గదిలో సరిగ్గా చెప్పింది ఆయనొక్కరే. ఐలాలో మొలకెత్తించిన బార్లీని పీట్ అనే బురదమట్టి పెళ్లల పొగ మీద ఆరబెడతారు. ఆ పొగలోని ఫినాల్స్‌దే ఈ ఆస్పత్రి కంపు. దాన్నే రుచుల జాబితాలో సముద్రపు పొగ అని రాస్తే డబ్బులు ఎక్కువ వస్తాయి.

తర్వాత ఆయన గ్లాసులో సగానికి సగం నీళ్లు పోసుకున్నారు. బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపం, అతనికి తెలియదేమో గానీ స్కాట్లండ్‌లో ఈ బ్లెండ్లు కలిపే నిపుణులు చేసేదీ ఇదే. ఇరవై శాతం దాకా పలచన చేసుకుని, తాగకుండా ముక్కుతోనే తేలుస్తారు. ఈ సీసాలో ఉన్నది 43.8 శాతం. మామగారి చేతివాటం దాదాపు లెక్కకు సరిపోయింది.

“ఎన్నేండ్ల సరుకురా ఇది?” అన్నారాయన, రెండో గుటక తర్వాత.

“అట్ల చెప్పరు నాన్నా, ఇది బ్లెండ్.”

“మూడొందల డాలర్లు పెట్టినవు. వయసు చెప్పరా?”

చెప్పరు. స్కాచ్ చట్టం ప్రకారం వయసు వేస్తే, కలిపినవాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసే వేయాలి. ముప్పై ఏళ్ల విస్కీలో ఎనిమిదేళ్లది గరిటెడు పడినా సీసా వయసు ఎనిమిదే. కొనేవాణ్ని కాపాడే మంచి నిబంధన ఇది. దానికి కంపెనీలు కనిపెట్టిన విరుగుడు కూడా బ్రహ్మాండం: అసలు అంకే వేయకపోవడం. పోర్ట్ ఎలెన్ సీసాలో కార్స్‌బ్రిడ్జ్, కలెడోనియన్ అనే మరో రెండు మూతపడ్డ బట్టీల గ్రెయిన్ విస్కీ ఉంది. మోర్ట్‌లాక్, ఓబన్ లాంటి నిక్షేపంగా నడుస్తున్న బట్టీల మాల్టూ ఉంది. అందులో దయ్యం వాటా ఎంత, బతికున్నవాళ్ల వాటా ఎంత అన్నది డబ్బా మీద ఉండదు.

చెబుతానని వచ్చినవాడికి ఏమైందో కూడా చూడండి. కంపాస్ బాక్స్ అనే చిన్న బ్లెండింగ్ కంపెనీ 2015లో ‘దిస్ ఈజ్ నాట్ ఎ లగ్జరీ విస్కీ’ అని నిజంగానే పేరు పెట్టి ఓ లిమిటెడ్ ఎడిషన్ తెచ్చింది. ఏ విస్కీ ఎంత శాతం, దాని వయసెంత అన్నీ విప్పి చెప్పింది. స్కాచ్ విస్కీ అసోసియేషన్ నుంచి తాఖీదు వచ్చింది: అన్నిటికన్నా చిన్నదాని వయసు తప్ప మరే వయసు ప్రకటించినా చట్టవిరుద్ధం అని. ఆ వివరాలు తీసేయాల్సి వచ్చింది. ఏమీ చెప్పనివాడికి ఏ తాఖీదూ లేదు.

పదివేల పీపాల్లో ఒక్కటే బ్లూ లేబుల్‌కు పనికొస్తుందని కంపెనీ మాట. విమానాశ్రయాల్లో గోడ పొడుగునా పేర్చిన నీలం డబ్బాలు చూసినప్పుడల్లా, మిగతా తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది పీపాలు ఎక్కడ పెట్టారా అని నాకు స్కాట్లండ్ మీద జాలేస్తుంది.

బాగుందా అంటే, బాగుంది. అబద్ధమెందుకు? గొంతులో మంట లేదు, పొగ మెల్లగా దిగింది, చాలాసేపు నోట్లో నిలిచింది. కలిపినవాడు పనివాడే. నా పేచీ సరుకుతో కాదు, చావుకు కట్టిన ధరతో. మనవాళ్లకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. 2022లో దాదాపు 22 కోట్ల స్కాచ్ సీసాలు దించుకుని, సీసాల లెక్కలో ఫ్రాన్స్‌ను దాటేసిన దేశం మనది. 150 శాతం దిగుమతి సుంకం ఉండగానే! 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందంలో దాన్ని మొదట 75కు, పదేళ్లలో 40కి దించుతామన్నారు. ఇక దయ్యాలకు వీసా సులువు.

అసలు కథ ఇప్పుడు. ఏ 2017లో తద్దినం భోజనాలు మొదలుపెట్టారో, అదే ఏడాది డియాజియో ఇంకో ప్రకటన చేసింది: 3.5 కోట్ల పౌండ్లతో బ్రోరానూ పోర్ట్ ఎలెన్‌నూ తిరిగి తెరుస్తామని. అంటే పోయినాయన తిరిగొస్తున్నాడని తెలిశాక, మరుసటేడు ఆయన పేరునే రెండో పంక్తి వడ్డించారు. బ్రోరా 2021 మేలో రాజేసుకుంది, పోర్ట్ ఎలెన్ 2024 మార్చిలో. పోర్ట్ ఎలెన్‌లో అప్పుడు తయారైనది ఓక్ పీపాలో మూడేళ్లు నిండితేనే చట్టం దృష్టిలో స్కాచ్. లెక్కేస్తే, ఎక్కడా దొరకదన్న సరుకు 2027కు మళ్లీ పుడుతుంది.

ఎవరైనా ఆ నీలం సీసా తెచ్చి పోస్తానంటే వద్దనకండి. సొంత డబ్బుతో కొనేటట్టయితే మాత్రం సీసా మీద వయసు అంకె ఉందో లేదో చూసి కొనండి.