మ్యాపీ దోషసూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అవుట్‌లుక్ ప్రారంభింపబడదు. మ్యాపీ32.డీఎల్‌ఎల్ చెడినది, లేదా తప్పు వెర్షనుది. ఇతర మెసేజింగ్ సాఫ్ట్‌వేరును స్థాపించుటచే ఇట్లు జరిగియుండవచ్చును. అవుట్‌లుక్‌ను పునఃస్థాపింపుడు."

ప్రతిపదార్థం: అవుట్‌లుక్ = మైక్రోసాఫ్ట్ వారి ఈమెయిల్ ప్రోగ్రామ్; ప్రారంభింపబడదు = ఎన్నిమార్లు నొక్కినా తెరుచుకోదు; మ్యాపీ = వర్డ్ వంటి ప్రోగ్రాములు మెయిల్ ప్రోగ్రామ్ చేత ఉత్తరం పంపించుకోవడానికి విండోస్‌లో ఉన్న ఏర్పాటు; డీఎల్‌ఎల్ = అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే ఫైలు; లేదా = రెంటిలో ఏదో తేల్చలేక; ఇతర = పేరెత్తడానికి ఇష్టంలేని; జరిగియుండవచ్చును = జరిగింది.

తాత్పర్యం: విండోస్‌తో వచ్చే మ్యాపీ32.డీఎల్‌ఎల్ స్వయంగా ఏ ఉత్తరమూ మోయక, డీఫాల్టు మెయిల్ ప్రోగ్రామ్ ఏదో రిజిస్ట్రీలో చూసి, వచ్చిన పనిని దానికి అప్పగిస్తుంది. ఈ మర్యాద పాటించని కొన్ని పాత మెయిల్ ప్రోగ్రాములు, పనులన్నీ తమ వద్దకే రావాలన్న ఆశతో, అదే పేరుగల తమ ఫైలును దాని స్థానంలో కూర్చోబెట్టేవి. సరళ మ్యాపీ అనబడే పట్టుమని 12 ఫంక్షన్లు మాత్రమే ఎరిగిన ఆ ఫైలు, విస్తృత మ్యాపీ లేనిదే అడుగు కదపని అవుట్‌లుక్‌కు ఎదురైనప్పుడు పై సూత్రం వెలువడుతుంది.

విశేషాలు: మూడవ వాక్యమే సూత్రానికి ప్రాణం, నాల్గవది దానికి పొసగదు. పెత్తనం మరొకరు లాక్కున్నారని చెప్పి, ఉన్న యజమానినే మళ్ళీ గృహప్రవేశం చేయమనడం ఏ తర్కమో తెలియదు. "పునఃస్థాపనతో దోషం పోయిన సందర్భాలు లేవా?" అని పూర్వపక్షం. ఉండవచ్చు; ఆక్రమించిన సాఫ్ట్‌వేర్ అలాగే ఉంటే దోషం మరలి వస్తుంది గనుక అది పరిహారం కాదు. మెయిల్ ప్రోగ్రాములన్నీ మూసి, ఆ ఇతర సాఫ్ట్‌వేర్‌ను తొలగించి, లేదా అందులోని మ్యాపీ సెట్టింగ్‌ను ఆపివేసి, ఫిక్స్‌మ్యాపీ.ఈఎక్స్ఈని నడిపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడమే సిద్ధాంతం. ఫిక్స్‌మ్యాపీ పరాయి ఫైలుకు నకలు తీసి దాచి, మ్యాపీస్టబ్.డీఎల్‌ఎల్ అనే అసలు ప్రతిని ఆ పేరుతో నిలుపుతుంది. పని ముగిసిందని మాత్రం ఒక్క మాటైనా చెప్పదు.

64 బిట్ల విండోస్‌లో ఒక విరోధాభాసం ఉంది. పేరులో 32 ఉన్న సిస్టమ్32 ఫోల్డర్‌లో 64 బిట్ల ఫైళ్ళూ, పేరులో 64 ఉన్న సిస్‌వావ్64లో 32 బిట్ల ఫైళ్ళూ ఉంటాయి. కనుక 32 బిట్ల అవుట్‌లుక్ ఉన్నవారు రెండవ ఫోల్డర్‌లోని ఫిక్స్‌మ్యాపీనే నడపాలి.