గాలి లెక్కల మావయ్య

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఏ టీ బడ్డీ దగ్గర ఆగినా ఈ రకం మావయ్య ఒకాయన తగులుతాడు. కొడుకు సింగపూర్‌లో, కూతురు కౌలాలంపూర్‌లో. పాలకొండ బస్సు ఎన్నింటికని అడిగితే నోరు విప్పడు. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి ఎంతసేపో మాత్రం అడక్కుండానే చెబుతాడు. "గంట! నడుం వాల్చేలోగా దిగిపోమంటారు."

అబద్ధం కాదు. గాల్లో ఆ దూరం సుమారు 300 కిలోమీటర్లు. మనవాళ్లు రోడ్డు మీద రాజమండ్రి వెళ్లినంత. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే అంతర్జాతీయ విమాన మార్గాల్లో అదొకటి. కాకపోతే సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయానికి రెండు గంటల ముందు చేరడం, పాస్‌పోర్టు వరసలో నిలబడటం, పెట్టె కోసం ఎదురుచూడటం ఆయన లెక్కలోకి రావు. కౌలాలంపూర్ విమానాశ్రయం ఉన్నది సెపాంగ్‌లో. అక్కణ్ణుంచి ఊళ్లోకి 50 కిలోమీటర్ల పైమాటే. ఆమదాలవలసలో స్టేషన్ కట్టి శ్రీకాకుళం రోడ్ అని పేరు పెట్టుకున్న మనకి ఇందులో వింతేమీ లేదు. అన్నీ కలిపితే ఆ గంట కాస్తా ఐదు గంటలవుతుంది. ఇంచుమించు అంతసేపట్లో బస్సూ చేరుతుంది.

విశాఖ నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. 1982 జనవరి 1న మలేషియాతో పాటు సింగపూర్ కూడా ఇంకో అరగంట ముందుకి జరుపుకున్నాక ఏర్పడిన తేడా ఇది. అందుకే టికెట్టు మీది వేళలు చూస్తే వెళ్లడానికి ఆరున్నర గంటలు, రావడానికి గంటన్నర పట్టినట్టుంటుంది. ఈ ముడి విప్పడం మావయ్యకి మహా సరదా. ఓ రోజు టీ కాచే ముసలాయన అంతా విని, "ఏటి బావూ, ఒచ్చినప్పుడు పల్లమేటి?" అన్నాడు.

విశాఖకన్నా మనకి దగ్గరగా, భోగాపురంలో తలపెట్టిన విమానాశ్రయానికి 2019లో ఓసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ మావయ్య విజయనగరం వియ్యంకుడికి ఫోన్ చేసి సింగపూర్ ఎంత దగ్గరైందో నిమిషాలతో సహా చెప్పాడు. వియ్యంకుడు ఇంతవరకూ విమానం ఎక్కలేదు.

ఆయన్ని తికమక పెట్టింది ఒక్క ప్రశ్నే. అదీ ఆ ముసలాయన వేసిందే. "మా తాత రంగమెల్లాడు బావూ. రంగమెంత దూరం?"

బ్రిటిష్ కాలంలో ఈ జిల్లాల నుంచి వేలమంది కూలికని ఓడెక్కి వెళ్లిన రంగూనే ఆ రంగం. 1942లో జపాన్ సేనలు వచ్చిపడితే చాలామంది అడవులూ కొండలూ దాటుకుంటూ కాలినడకన వెనక్కి వచ్చారు. మావయ్య ఫోన్ తీసి కొలిచాడు. సుమారు 1,300 కిలోమీటర్లు. శ్రీకాకుళానికి ఢిల్లీ కన్నా రంగమే కాస్త దగ్గర!

"మరి ఇమానంలో ఎంతసేపు?"

విశాఖ నుంచి నేరుగా విమానం లేదు. బ్యాంకాక్ మీదుగా వెళ్తే రంగం దాటి పోయి, అక్కడ మరో విమానం ఎక్కి వెనక్కి రావాలి. మావయ్య ఆ రోజు గంటలు చెప్పలేదు. టీ డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.