మత్తడి రాతి ఆత్మకథ

ఉప్పల్ నల్లచెరువు నిండి పొర్లినప్పుడు నీటికి దారి యిచ్చు మత్తడిలో నేనొక రాతిని. తరతరముల నీరు నా వీపుమీదుగనే పోయినది గనుక దాని రాకపోకలను గూర్చి పలుకుటకు నాకు కొంత అర్హత గలదని తలంతును.

సుమారు 250 కోట్ల సంవత్సరములనాడు భూగర్భమున గడ్డకట్టిన గ్రానైటు మా వంశము. మౌలాలి గుట్టయు, నాచారము చుట్టుపట్ల గుండ్లును మా దాయాదులే. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యీ ఉప్పల్ దారిన వెలయుటకు ఎంతో పూర్వమే వడ్డెరలు ఉలితో వరుసగా రంధ్రములు తొలిచి, సీలలు దిగగొట్టి, నన్ను గుండునుండి వేరుచేసి యిచ్చటికి చేర్చిరి.

మా సీమ చదునైనది కాదు. మిట్టలయం దెఱ్ఱచెల్కయు సీతాఫలపు పొదలును, పల్లములయందు నల్లరేగడియు, వాగు వెంబడి తాళ్లును ఈతలును కానుగలును ఉండెడివి. ఉత్తరపు మిట్టలపై కురిసిన వాన సన్నని పాయలుగా జారి, నాచారము పెద్దచెరువును నింపి, అది మత్తడి దూకగా వాగై దక్షిణమునకు సాగి, మా చెరువున విశ్రమించి, తూములగుండ వరిమళ్లను తడిపి, మిగిలినంత మాత్రమే నన్ను దాటి మూసీనదిని చేరుచుండెడిది. మాఘమున వాగు సన్నగిల్లి, చైత్రమునకు ఇసుక తేలెడిది. ఆ యెండుటయు దానికి సహజధర్మమే.

ఇప్పుడది యెండుట లేదు. నాచారమున పారిశ్రామికవాడ నెలకొని, ఆయకట్టు ఇండ్లస్థలములై, వాగు నాలాగా మారిన పిమ్మట వైశాఖపు టెండలలోను నీరు పారుచునే యున్నది. అది వాననీరు కాదు. 2004 నుండి నాగార్జునసాగరపు కృష్ణాజలమును, 2015 నుండి ఎల్లంపల్లి గోదావరీజలమును నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో నడిపించి హైదరాబాదు నగరమునకు తెచ్చుచున్నారు. వంటిండ్లలోను స్నానపుగదులలోను వాడి విడిచిన ఆ నదులే కర్మాగారముల రసాయనములతో కలిసి, నురగలు గ్రక్కుచు ఈ దారిని వచ్చుచున్నవి. ఎంత వ్యయముతో, ఎంత ప్రయాసతో వచ్చిన జలమునకు ఎట్టి గతి పట్టినదని నా మనస్సు మిక్కిలి నొచ్చుచుండును.

దిగువను పీర్జాదిగూడ చెంత, మూసి యొడ్డున, పాడిగేదెలకై ఈ నీటితోనే పచ్చిగడ్డి పెంచుచున్నారు. ఆ పాలు మరల నగరమునకే చేరును. తక్కిన నీరు వాడపల్లి యొద్ద, నాగార్జునసాగరమునకు దిగువన, కృష్ణలో కలియును. మురుగును శుద్ధిచేయు కేంద్రములు మూసి తీరమున వెలసినవి, సంతోషమే. కాని రసాయనములు కలిసిన మురుగును బాగుచేయుట మిక్కిలి కష్టము గనుక, కర్మాగారముల నీటిని నాచారముననే, వాగులో పడకమునుపే, వేరుచేయవలెనని నా విన్నపము.