ఆస్పరాగస్‌ను ముంచి పెంచే పద్ధతి

మంగంపేటలో ఇంటి వెనక ఆస్పరాగస్ వెయ్యాలని అనిపించిందంటే మీ బోరులో నీళ్లున్నట్టే లెక్క. లేనివాళ్లకు ఇట్లాంటి కోరికలు పుట్టవు. ఓబులవారిపల్లె చుట్టుపక్కల కొత్తగా బోరు పడితే ఆ నీళ్లకు కొత్తల్లుడి మర్యాద జరుగుతుంది. అట్లాంటి నీళ్లను మొక్కకింతని కొలిచి పోయడం ఏం పిసినారితనం? తరతరాలుగా నీళ్లకు మొహం వాచినవాళ్లం. ఆ బాకీ మొత్తం ఒక్క మొక్క దగ్గర ఎట్లా తీర్చుకోవాలో చెప్తాను, వినండి.

ముందు చోటు చూసుకోవాలి. వాన వెలిసినాక మీ ఆవరణలో నీళ్లు ఎక్కడ నిలబడతాయో గమనించండి. స్నానాల గది తూము పక్కన, బట్టలుతికే బండ కింద, తొట్టి పొంగి పారే మూల, ఇవన్నీ శ్రేష్ఠం. ఎర్ర గరపనేల జోలికి పోవద్దు, అది పోసిన నీళ్లను పోసినట్టే మింగేస్తుంది. చెరువు బంకమన్ను ఒక ట్రాక్టరు తోలించి, తడి ఆరకముందే నలుగురి చేత తొక్కించండి. మట్టి రేణువుల మధ్య గాలి ఆడే సందులు ఉండకూడదు. ఆస్పరాగస్ వేరు దుబ్బు ఆహారాన్ని దాచుకుంటుందని, ఊపిరి కూడా పీలుస్తుందని, ఆ సందుల్లో నీళ్లు నిండితే ఉక్కిరిబిక్కిరై చస్తుందని వ్యవసాయం చదివినవాళ్లు అంటారు. భూమిలో ఉన్నదానికి ఊపిరేమిటి?

ఎత్తు మళ్లు కట్టండి, నీళ్లు పోయే కాలవ తియ్యండి అని పోరేవాళ్లు కూడా ఉంటారు. మన ఊరి ముగ్గురాయి, అదే బెరైటీస్, గనిలో నీళ్లు ఊరితే మోటార్లు పెట్టి తోడి పోస్తారు కదా, ఆ తెలివి తోటకు వద్దా అని అడుగుతారు. గనివాళ్లకు కావలసింది రాయి, మనకు కావలసింది కూర. రెంటికీ పోలికేమిటి?

నాటే లోతు సంగతి. జానెడు లోతు గుంటలో దుబ్బు పెట్టి, వేర్లు నలుదిక్కులా పరచి, పైన కొంచెమే మట్టి కప్పి, పిలకలు లేచేకొద్దీ మిగతా మట్టి నింపాలని పద్ధతి ఒకటుంది. అంత ఓపిక మనకెక్కడిది! మోకాటి లోతు తవ్వి, దుబ్బు పడేసి, మట్టి ఒక్కసారే తోసి, దిమ్మిస కొట్టండి. దమ్మున్న పిలక అయితే అదే పైకొస్తుంది.

నేల లేదు, మిద్దె మీద కుండీలే గతి అంటారా? అడుగున రాళ్లు పరిస్తే నీళ్లు సులువుగా దిగుతాయని అందరూ నమ్ముతారు, మీరూ నమ్మండి. నిజానికి సన్నమట్టి పూర్తిగా నానితే గాని అందులోని నీళ్లు కింది రాళ్ల సందుల్లోకి జారవు. రాళ్లు ఎంత మందాన వేస్తే ఆ తడి పొర అంత పైకి, వేరుకు అంత దగ్గరికి వస్తుంది. మనక్కావలసింది అదే. రాళ్లకు మంగంపేటలో కరువా? ఇక్కడి బెరైటీస్ నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. చమురు బావులు తవ్వేవాళ్లు దీని పొడిని బురదలో కలిపి వాడేది బరువు కోసమే. మామూలు రాయి నీటికన్నా రెండున్నర రెట్లు బరువుంటే ఇది నాలుగు రెట్లకు పైనే తూగుతుంది. పది లీటర్ల బకెట్టు నిండా ముక్కలు వేస్తే, మధ్య సందులు పోను, పాతిక కిలోల దాకా వస్తుంది. కుండీకొక బకెట్టు చొప్పున వరసగా పేర్చుకుంటూ పోండి. మిద్దె కింద ఎవరు పడుకుంటారో వాళ్లకు మాత్రం ఒక మాట చెప్పండి.

ఈ రాయిని పిండి చేసే పల్వరైజింగ్ మిల్లు దగ్గర దొరికే బూడిదరంగు పొడి కూడా వృథా చెయ్యకండి. సున్నం బదులు చల్లుకోవచ్చు. అది బేరియం సల్ఫేటు, నీళ్లలో కరగదు, నేల పులుపును ఇసుమంత కూడా మార్చదు. కాకపోతే మట్టిలో మిగిలిన ఆ నాలుగు రంధ్రాలను పూడ్చి పెడుతుంది.

ఇక నీళ్లు. ఈ జిల్లాలో మామిడికి, అరటికి, బొప్పాయికి డ్రిప్పు గొట్టాలు పరిచినవాళ్లను చూసి మోసపోకండి. వాళ్లది పెద్ద తోట, మనది పెరడు. పెరూ దేశంలో ఇకా అనే చోట చినుకే పడని ఎడారిలో డ్రిప్పుతో ఆస్పరాగస్ పండించి అమెరికాకు, ఐరోపాకు ఓడల్లోనూ విమానాల్లోనూ పంపుతున్నారు. దీన్నిబట్టి మనం తీసుకోవలసిన పాఠం ఏమిటి? చుక్క చుక్కకే అంత పండితే కుంభవృష్టికి ఎంత పండాలి! అక్కడ భూగర్భజలం అడుక్కి పోయి ఊళ్లవాళ్ల బావులు ఎండుతున్న గొడవ వేరే ఉంది. అది చదివితే మనసు చెడుతుంది, చదవకండి.

వేసవిలో అసలు వదలొద్దు. చలి దేశాల్లో చలికాలం, మన దగ్గర వేసవి నీటి ఎద్దడి, ఆ మొక్కకు కాస్త విశ్రాంతి ఇస్తాయి. మేలో పైభాగం వాడి, దుబ్బు నిద్రపోయే వేళకు పొద్దున ఒకసారి, మాపున ఒకసారి పాదు నింపి లేపండి.

రాయలసీమకు నీళ్లెక్కడివి, ఎక్కువ పోస్తే మాత్రం ఏమవుతుంది అనేవాళ్లు ఈ తూర్పు అంచున ఒక అక్టోబరు, నవంబరు గడపలేదన్నమాట. ఈశాన్య రుతుపవనాలు, వాటి వెనకే బంగాళాఖాతం తుపాన్లు. ఏడాదంతా ఎదురుచూసిన వాన నాలుగు రోజుల్లో పడి పోతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క పల్లెలు కొట్టుకుపోయిన సంగతి ఇక్కడ ఎవరూ మరవలేదు, దాని మీద హాస్యం ఆడను. పెరటి సంగతి మాత్రం చెప్తాను. ముసురు పట్టిన వారమంతా పాదులు గట్లు తెంచకుండా అట్లాగే ఉంచండి. మోటారు కూడా ఆపకండి, అలవాటు తప్పుతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం. కొన్నాళ్లకు ఈకల్లాంటి ఆకులు పచ్చదనం పోయి పసుపుబారతాయి, మిట్టమధ్యాహ్నం తలలు వాలుస్తాయి. చూసినవాళ్లెవరైనా దాహమనే అంటారు. బురదలో కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు గనక, మునిగిన మొక్క కూడా ఎండిన మొక్క లాగే వాడుతుంది. తేడా తెలుసుకోవాలంటే పక్కన మట్టి తవ్వి వేరు పట్టుకుని చూడాలి. గట్టిగా, తెల్లగా ఉంటే దాహం. గోధుమరంగుకు తిరిగి, మెత్తగా చేతిలో చితికి, కుళ్లు వాసన కొడితే ఫైటోఫ్తోరా లాంటివి చేరినట్టు. ఇంత తవ్వకం దేనికి? ఇంకో రెండు బిందెలు పొయ్యండి. అప్పటికీ లేవకపోతే యూరియా వెయ్యండి. దానికీ లొంగకపోతే ట్రైకోడెర్మా, శిలీంధ్రనాశిని మందు ఒకే బకెట్లో కలిపి పొయ్యండి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, బకెట్లోనే చస్తుంది. రెండు మందులకూ డబ్బులు పెట్టామన్న తృప్తి మాత్రం మీకు దక్కుతుంది.

ఈ దశలో ఇంట్లో జేజి ఉంటే కష్టం. శేషాచలం కొండల్లో ముళ్లతీగగా పాకే పిల్లిపీచర ఆస్పరాగస్ కుటుంబందే, మందుల అంగట్లో శతావరి పేరుతో అమ్మేది దాని గడ్డలనే. బండల సందున, ఇంత గరుసుమట్టిలో, వానకు తడిసి ఎండకు ఎండి, దుబ్బుకు గుత్తులు గుత్తులుగా గడ్డలు వేస్తుంది. ఆమెకు అది తెలుసు.

"కొండలో పిల్లిపీచరకు ఎవురు పోసినారురా నీళ్లు?" అంటుంది.

"అది అడివి మొక్క జేజీ, ఇది నర్సరీ నుంచి కొని తెచ్చింది," అనండి.

"కొన్నంత మాత్రాన చేప అయిపాయనా?" అంటుంది. జవాబు చెప్పకుండా మోటారు వెయ్యండి, ఆ మోతలో ఏమీ వినపడదు.

ఖర్మగాలి పిలకలు లేచినాయా, మొదటి ఏడే అన్నీ కోసెయ్యండి. రెండేళ్లు కొయ్యకుండా ఆకు పెరగనిస్తే దుబ్బు బలపడి పదిహేనేళ్ల దాకా కాపు ఇస్తుందట. పదిహేనేళ్ల సంగతి ఎవరికి కావాలి? రేపు ఫొటో పెట్టాలి కదా.

దుబ్బు పోయినాక కొత్తది అదే గుంటలో నాటండి. ఫ్యుజేరియం బూజు ఆ మట్టిలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది, దాన్ని నిరాశపరచకూడదు. ఆ తడిమడిలో చేమగడ్డలు వెయ్యమని జేజి మళ్లీ అంటుంది. వేస్తే నిజంగానే దండిగా వస్తాయి, పులుసుకూ సరిపోతాయి. కానీ చేమగడ్డలు పండించామని ఎవరికి చెప్పుకుంటాం? నర్సరీవాళ్లకు ఫోన్ చేసి, ఈసారి ఇంకో పది దుబ్బులు ఎక్కువ పంపమనండి.