కిలోన్నర బ్రతుకు

నేను 2012వ సంవత్సరమున పుట్టితిని. నా జాతివారిని లోకము ల్యాప్‌టాప్ అనును. ఒడిలో పెట్టుకొను యంత్రమని ఆ మాటకు అర్థమట గనుక, సంస్కృతాభిమాని యెవరైన ఉత్సంగగణకమని నాకొక బిరుదు తగిలింపవచ్చును గాని, ఆ పేరు పెట్టి పిలిచినచో గద్వాల బస్టాండులో ఒక్కరును తల తిప్పి చూడరు. మా వంశము పేరు థింక్‌ప్యాడ్, నా శాఖ ఎక్స్230. తెర పన్నెండున్నర అంగుళములు, శరీరచ్ఛాయ నలుపు, తూకము బ్యాటరీతో కూడ సుమారు కిలోన్నర. మీటల నడుమ కుంకుమబొట్టు వంటి ఎర్రని బుడిపె యొకటి కలదు. వ్రేలికొనతో దానిని నెట్టినచో తెరపై బాణము కదలును.

మా పూర్వులు ఇంత తేలికవారు కారు. 1981లో వెలువడిన ఆస్బర్న్-1 అను పెద్దకు తెర అయిదంగుళములే యైనను తూకము సుమారు 11 కిలోలు. దానిని మోసుకొనిపోదగిన కంప్యూటరని నాటివారు కొనియాడిరన్నచో వారి భుజబలమును సందేహింప పనిలేదు. 1992లో ఐబీఎం కంపెనీ మా వంశమును నెలకొల్పినపుడు, రిచర్డ్ సాపర్ అను రూపశిల్పి, జపానీయులు అన్నమును కూరలను సర్దుకొను మూతపెట్టెను మనసునందుంచుకొని మాకు ఆకారము దిద్దెను. 2005లో లెనోవోవారి ఇంటికి దత్తు పోయితిమి. గోత్రము మారినను ముఖకవళికలు మారలేదు.

నా యౌవనము హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగి బల్లపై గడచెను. పట్టికలు నింపితిని, ఏసీ చల్లదనమున నిద్రించితిని. అంతకుమించి చెప్పదగిన సాహసమేదియు లేదు. లీజు తీరిన పిమ్మట నావంటివారిని కట్టలు కట్టలుగా అమ్మివేయగా, చేతులు మారి మారి, 2024 నాటికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునందు, సీటీసీ యని జనులు పిలుచు ఆ అంగళ్ల సముదాయమున, ఒక ఇరుకు దుకాణపు అద్దాల బీరువాలో చేరితిని.

ఆ సంవత్సరము వానలు పట్టు వేళ ఒకనాటి మధ్యాహ్నము తండ్రియు కూతురును దుకాణపు మెట్లెక్కిరి. తండ్రి గద్వాల నేతగాడు. ముంజేతులపై జరీ నలుసు మెరయుచుండెను. కూతురికి వనపర్తి పాలిటెక్నిక్కులో సీటు వచ్చినది. చేతనున్న ధనము పన్నెండువేలు. ఆమె ముందుగనే ఫోనులో వెదకి వచ్చినది కాబోలు, జియోబుక్ మాట యెత్తెను. 2023లో వచ్చిన ఆ సరికొత్త యంత్రము 990 గ్రాములే తూగునట, ధర 16,499 రూపాయలట. నాలుగు జీబీల ర్యామ్, అరువదినాలుగు జీబీల చోటు. తేలికదనమున నన్ను మించినదని ఒప్పుకొనవలసినదే. అయినను ఉన్న పన్నెండు వేలకు పదహారు వేల వస్తువు రాదు గదా.

దుకాణదారుడు పదిహేనున్నర అంగుళముల తెర గల పాత యంత్రమొకటి ముందుకు త్రోసి, "పెద్దాయనా, ఇది తీసుకోండి, చూడ్డానికి నిండుగా ఉంటుంది" అనెను.

తండ్రి దానిని ఒంటిచేత ఎత్తి దించెను. "నిండుగనే ఉన్నది గాని అన్నా, బిడ్డ దీన్ని రోజు మొయ్యాలె గద!"

అప్పుడాతని చూపు నాపై బడెను. ఆయన నన్ను పరీక్షించిన విధము నా జీవితమున మరి యెవ్వరును పరీక్షింపలేదు. ప్రాసెసరేదని అడుగలేదు, ఏ తరమని అడుగలేదు. అరచేత పరచుకొని తూకము చూచెను. పిమ్మట మూత తెరచి, మూతయు దేహమును కలియు మడతబందుల యొద్ద బొటనవ్రేలు ఉంచి, పదిమారులు మెల్లగా తెరచి మూసెను. మూత ఎక్కడ విడిచిన అక్కడనే నిలిచెను. "అతుకు గట్టిగున్నది బిడ్డా" అని మాత్రమే యనెను. గద్వాల చీర ప్రాణమంతయు అతుకునందే యున్నదని నేను పిమ్మట తెలిసికొంటిని: ఒడలు నూలు, అంచును కొంగును పట్టు, నూలును పట్టును పోగుపోగున పెనవేసి కలుపు ఆ పనిని కుప్పడమందురు. రెండింటి స్వభావము వేరు, లాగుడు వేరు; కలిసిన చోట ముడుత పడెనా, చీర చెడెను. అట్టి చేతికి నా మడతబందు పరీక్ష పిల్లల ఆట.

కూతురి పరీక్ష వేరు. ఆమె మీటలన్నిటిని నొక్కి చూచెను, బ్యాటరీ ఎంతసేపు నిలుచునో అడిగెను, పెన్‌డ్రైవు గ్రుచ్చు మూడు చోట్లను పరికించెను. తెరను ప్రక్కనుండి చూచి రంగులు వెలవెలబోవుచున్నవని మొగము చిట్లించెను. నిజమే, ఎదుట కూర్చున్నవారికే నేను చక్కగా కనబడుదును. దుకాణదారుడు నన్ను బోర్లించి, ప్రక్కనున్న ఒక్క మర తీసి, లోని పాత హార్డ్‌డిస్కును లాగి, దాని చోట 256 జీబీల ఎస్ఎస్‌డి నిలిపెను. అడుగు మూత విప్పి, ఉన్న నాలుగు జీబీల ర్యామ్ ప్రక్కన మరి నాలుగు జీబీలు చేర్చెను. తండ్రి వంగి చూచి, "నూలు ఒంటికి పట్టు అంచు ఏస్తున్నవన్నమాట" అని నవ్వెను. బేరము పదివేల అయిదువందలకు తెగినది. మిగిలిన ధనముతో సంచి కొనిరి, కాచిగూడలో రైలెక్కిరి.

గద్వాల ఇంటిలో నాకొక విస్మయము కాచుకొని యుండెను. గుంటమగ్గముపై ఎత్తున జాకార్డు బిగింపబడియుండెను. దానినుండి రంధ్రములు గల అట్టలు దారముతో కూర్చిన దండవలె వ్రేలాడుచుండెను. నేతగాడు కాలితో త్రొక్కినపుడెల్ల ఒక్కొక అట్ట ముందుకు వచ్చును. రంధ్రమున్న చోట పడుగుపోగు పైకి లేచును, లేనిచోట లేవదు. ఆ లేచుట లేవకుండుటలనుండియే అంచున హంసలు, రుద్రాక్షలు, మామిడిపిందెలు పుట్టును. ఫ్రాన్సునందు జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో రూపొందించిన ఈ యుక్తియే ఆంగ్ల గణితజ్ఞుడైన బాబేజి గణనయంత్రపు ఊహకు అట్టలనిచ్చెను. నా లోపలి కోట్లకొలది స్విచ్చులకును తెలిసినది అంతమాత్రమే: ఉన్నది, లేదు. ఆ రాత్రి కరెంటు పోయినపుడు నా తెర నెత్తిన గల చిన్న దీపమును వెలిగించి ఆమె చదువుకొనెను. తండ్రి ఆ వెలుగునకు తెగిన పోగొకటి ముడివేసికొనెను. మాసిన గోడపై ఇరువురి నీడలు కలసిపోయినవి.

ఇంటికిని హాస్టలుకును నడుమ వనపర్తి ప్రయాణమే నా నిజమైన పరీక్ష. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి యొద్ద కృష్ణపై వంతెనమీదుగా, పెబ్బేరు చేరి అటనుండి వనపర్తికి మళ్లు ఆ త్రోవలో, 2023 డిసెంబరు నుండి స్త్రీలకు మహాలక్ష్మి పథకమున ఉచిత ప్రయాణము దొరకినది గనుక, బస్సులో నిలుచుటకును చోటుండదు. నిలుచున్నవారి వీపు సంచి వెనుకవారికి అడ్డమని ఆమె నన్ను రొమ్మున కట్టుకొని కమ్మీ పట్టుకొనును. తేలికదనమనునది అంగడిలోని అంకె కాదు, ఎర్రవల్లి దాటిన పిమ్మట తెలియు సంగతి. చదువు మాత్రము రాజభోగమే: వనపర్తి సంస్థానపు రాజప్రాసాదమున 1959 నుండి ఆ పాలిటెక్నిక్ నడచుచున్నది. సీ భాషలో ప్రోగ్రాములు వ్రాయుటకు నేను చాలుదును, పైథాన్‌కును చాలుదును. వీడియోలు కత్తిరించి కూర్పుమన్నచో ఆయాసపడుదును, ఆటలాడుమన్నచో క్షమింపుమందును.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ ఆదరణ ముగిసెను. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు క్రిందివారిని, ఏ కొద్దిమందినో తప్ప, తన జాబితాలో చేర్చుకొనలేదు. నేను మూడవ తరమువాడను. ఆమె ఒక ఆదివారము హాస్టలులో కూర్చుండి, పెన్‌డ్రైవునుండి లైనక్స్ మింట్ నాలో నెక్కించెను. పైసా ఖర్చులేదు. అలసిన బ్యాటరీని గూడ వెలుపలి రెండు గొళ్లెములు జరిపి తానే తీసి, స్కాలర్‌షిప్పు వచ్చినపుడు కొత్తది తగిలించెను. విప్పుటకు వీలైన వస్తువునకు ఆయుస్సు మెండు. అతికించి మూసిన యంత్రములను కొనువారు ఈ మాట నాలుగైదేండ్ల పిమ్మట తలచుకొందురు.

మొన్న సంక్రాంతి సెలవులలో గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలుకు, ఆమె చిన్నమ్మ ఇంటికి పోయితిమి. చిన్నాయనది కిరాణా అంగడి. ఆయన కుమారునికి ఇంజనీరింగు సీటు వచ్చినది. రంగురంగుల దీపములు వెలుగు గేమింగు ల్యాప్‌టాపొకటి స్నేహితుని యొద్ద అడిగి తెచ్చి, ఇట్టిదే కావలెనని పట్టుబట్టి యుండెను.

"రోజూ కాలేజీకి తీస్కపోతవారా తమ్మీ?"

"తీస్కపోవాలె గదక్కా."

ఆమె మరి మాటలాడక, పప్పులు తూచు కాటాపై దానిని పెట్టెను. రెండు కిలోల మూడువందల గ్రాములు. ఇటుకవంటి దాని చార్జరును ప్రక్కన చేర్చగా కాటా మూడు కిలోలు చూపెను. తరువాత నన్నును నా చార్జరును ఎక్కించెను. రెండు కిలోలకు ఇంచుక తక్కువ. కుర్రవాడు చాలసేపు ఆ అంకెలవంక చూచెను. ఆ దీపముల యంత్రము చేయగల పనులు నావలన కావని నాకు తెలియును గనుక, గెలిచితినని గర్వింపలేదు.

ల్యాప్‌టాపు కొనబోవు మీరు ఏ అంగడికి పోయినను, ఏ ధరకు బేరమాడినను, చార్జరును గూడ కాటాపై పెట్టించి చూడుడు.